గది అద్దెను మందుల పద్దులో రాయవచ్చా?

ఊరి పేరు మీద నడిచే ఒక చిన్న ట్రస్టు. ఆ ఊళ్ళో చదువుకుని హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ స్థిరపడినవాళ్ళు ఏటా కొంత సొమ్ము పోగేస్తారు. ఈసారి దాన్ని క్యాన్సర్ వచ్చిన పిల్లల కోసం వాడాలని అందరూ ఒప్పుకున్నారు. ఎలా వాడాలన్న దగ్గరే ఒక అక్కకూ తమ్ముడికీ పడలేదు. అక్క పిల్లల క్యాన్సర్ వార్డులో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. తమ్ముడు బ్యాంకు మేనేజరుగా చేసి, ఇప్పుడు ట్రస్టు లెక్కలు చూస్తున్నాడు. తల్లిదండ్రులకు ఆసుపత్రి దగ్గర గది, తిండి, దారి ఖర్చులు, పోయిన కూలికి బదులు కొంత డబ్బు ఇవ్వాలని ఆవిడ పట్టు. మందుకూ పరీక్షకూ తప్ప ఒక్క రూపాయి పక్కకు పోకూడదని ఆయన పట్టు.

ఇద్దరూ నాకు దగ్గరివాళ్ళే. నా మనసు అక్కవైపే ఉంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ తమ్ముడి ప్రశ్నలకు జవాబు వెతక్కుండా ఈ పని మొదలుపెడితే రెండేళ్ళు తిరక్కుండానే ఆగిపోతుంది. అందుకే ఇద్దరి మాటలూ ఇక్కడ పెడుతున్నాను.

తమ్ముడు: అక్కా, ఏడాదికి మన చేతికి వచ్చేది ఇంతేనని ముందే తెలుసు. ఆ డబ్బుతో ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో రాని మంచి యాంటీబయాటిక్కో, ఫంగస్ మందో కొనవచ్చు. లేదా ఒక తల్లికి కొన్ని నెలలు గది అద్దె కట్టవచ్చు. రెండూ కుదరవు. ప్రాణం నిలబెట్టేది ఏది? మందు. ఇందులో చర్చకు ఏముంది?

అక్క: ఉందిరా. పిల్లవాడు మందు దగ్గర ఉంటేనే కదా మందు ఎక్కేది! పిల్లల్లో ఎక్కువగా వచ్చేది రక్త క్యాన్సరు, అందులోనూ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. దాని చికిత్స రెండు నుంచి మూడేళ్ళు పడుతుంది. మొదటి నాలుగైదు వారాలు విన్‌క్రిస్టిన్, స్టీరాయిడ్, ఆస్పరాజినేజ్ ఇస్తారు. వెన్నులో సూది వేసి మెథోట్రెక్సేట్ ఎక్కిస్తారు. ఆ తర్వాత ఆరేడు నెలలు ఇంకా గట్టి మందులు. ఆ తర్వాత ఏడాదిన్నర, రెండేళ్ళు రోజూ మాత్ర. ఇన్నాళ్ళు ఒక కూలి కుటుంబం ఊరికీ హైదరాబాద్‌కీ మధ్య ఎలా బతుకుతుందో ఏ ప్రిస్క్రిప్షన్‌లోనూ ఉండదు.

తమ్ముడు: కష్టమే, కాదనను. కానీ కష్టం వేరు, చికిత్స వేరు. కష్టాలన్నీ మనం తీర్చలేం.

అక్క: వేరు కాదని చెప్పడానికే ఇంత పోరుతున్నాను. కీమో ఎక్కించిన వారం, పది రోజులకు తెల్ల కణాలు తగ్గిపోతాయి. కౌంట్స్ పడిపోయాయి అంటాం వార్డులో. ఆ రోజుల్లో జ్వరం 38 డిగ్రీలు, అంటే మన థర్మామీటర్‌లో 100.4 దాటిందంటే అది మామూలు జ్వరం కాదు. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పోవాలి. ఆ పిల్లవాడు ఉట్నూరు అవతల ఒక తండాలో ఉన్నాడనుకో. రాత్రి పదకొండింటికి ఒళ్ళు కాలింది. తెల్లవారి బస్సు పట్టుకుని హైదరాబాద్ లకడీకాపూల్‌లో దిగేసరికి సాయంత్రం. నువ్వు కొన్న మంచి యాంటీబయాటిక్ వార్డు అలమరాలోనే ఉంటుంది, పిల్లవాడి బీపీ మాత్రం పడిపోయి ఉంటుంది. అదే పిల్లవాడు ఆసుపత్రికి రెండు వీధుల అవతల గదిలో ఉంటే, తల్లి చున్నీ చుట్టి ఎత్తుకుని వచ్చేస్తుంది. గది అద్దెను నువ్వు ఏ పద్దులో రాస్తావో నీ ఇష్టం. నేనైతే మందుల పద్దులో రాస్తాను.

తమ్ముడు: అలాగైతే ఆ డబ్బు ఆదిలాబాద్ రిమ్స్‌లో పెడదాం. అక్కడి డాక్టర్లకూ నర్సులకూ ఈ జ్వరం సంగతి నేర్పించి, మొదటి డోసు అక్కడే పడేలా చేద్దాం. ఒకసారి నేర్పితే పదేళ్ళు పనికొస్తుంది. గది అద్దె నెలనెలా కరిగిపోయేదే కదా.

అక్క: ఇది మంచి మాట. మాత్రల దశకు వచ్చిన పిల్లలకు అదే కావాలి. రక్తపరీక్ష దగ్గర్లో చేయించుకుని, ఫోన్లో డోసు కనుక్కుని, మూడు నెలలకోసారి పెద్దాసుపత్రికి వస్తే చాలు. కానీ మొదటి ఏడెనిమిది నెలలు అలా కుదరదు. వెన్నులో సూదులు, ప్లేట్‌లెట్లు, రోజు మార్చి రోజు పరీక్షలు, అన్నీ పిల్లల క్యాన్సర్ డాక్టరు ఉన్నచోటే జరగాలి. అక్కడ గది తప్పదు.

తమ్ముడు: మరి చుట్టాలు లేరా? నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు గుంటూరులో మేనత్త ఇంట్లోనే కదా అందరం పడుకున్నాం. అత్త ఏమైనా అనుకుందా? మనవాళ్ళలో ఉన్న ఆ కట్టుబాటును మనమే పోగొడుతున్నామేమో! బయటివాళ్ళు వచ్చి అన్నీ చూసుకుంటే చుట్టాలు తప్పుకుంటారు.

అక్క: ఆపరేషన్ అంటే పదిహేను రోజులు. ఇది ఎనిమిది నెలలు. చుట్టం మంచివాడే, మొదటి నెల పెడతాడు, రెండో నెలా పెడతాడు. వాళ్ళదీ ఒకే గది ఇల్లు. వాళ్ళ పిల్లలు బడికి వెళ్ళి దగ్గు, జలుబు తెస్తారు. ఆటలమ్మ తెచ్చారంటే ఈ పిల్లవాడి ప్రాణానికే ముప్పు. ఇంకో సంగతి కూడా ఉంది. క్యాన్సర్ అంటుకుంటుందని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గ్లాసు వేరు పెడతారు, కంచం వేరు పెడతారు. తల్లి అది చూస్తుంది, ఏమీ అనదు. మర్నాటి నుంచి ఆసుపత్రి వరండాలో చాప పరుస్తుంది.

తమ్ముడు: ప్రభుత్వం చేస్తున్నది కూడా చూడు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకు పెంచారు. కీమోకు డబ్బు కట్టనక్కర్లేదు. ఆర్టీసీలో తల్లికి టికెట్టు లేదు. రైల్లో స్లీపర్ క్లాసులో క్యాన్సర్ రోగికి పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవాళ్ళకు ముప్పావు వంతు. ఇంత ఉన్నాక మనం ఇచ్చే దారి ఖర్చు ఎవరికి?

అక్క: ఆరోగ్యశ్రీ రాకముందు మందు కొనలేక వెనక్కి వెళ్ళిన తల్లుల్ని చూశాను. ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ అది బిల్లును చూస్తుంది, రోజును చూడదు. బస్సు ఉచితమే. కౌంట్స్ పడిపోయిన పిల్లవాణ్ణి సాయంత్రం పూట కిక్కిరిసిన బస్సులో ఎక్కించగలమా? ఆటో మాట్లాడుకోవాలి. స్టీరాయిడ్ నెలలో పిల్లలకు ఆకలి ఆగదు. రాత్రి రెండింటికి లేచి పప్పన్నం కావాలని ఏడుస్తారు. ఆ తర్వాత మందులకు నోరంతా పూసి గుక్కెడు నీళ్ళు కూడా దిగవు. అప్పుడు మెత్తగా, శుభ్రంగా, వేడిగా వండి పెట్టాలి. కాచి చల్లార్చిన నీళ్ళు కావాలి. అంటే స్టవ్ ఉండాలి. ఇక రక్తం. ప్లేట్‌లెట్లు తీసిన తర్వాత అయిదు రోజులే నిలవ ఉంటాయి. అందుకని పదేపదే దాతలు కావాలి. ఒకర్ని తెచ్చుకోండి అంటారు. ఈ ఊళ్ళో ముక్కూ మొహం తెలియని తండ్రి ఎవర్ని తెస్తాడు? ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్ళను పిలిపించి, వాళ్ళ ఆ రోజు కూలి తాను ఇస్తాడు. ఇదంతా ఏ ప్యాకేజీలో ఉంది? ఖర్చు ఇలా పెరుగుతుంటే రాబడి అటు ఆగిపోతుంది. తల్లి పనికి పోదు. తండ్రి సగం రోజులు పోలేడు. మొదట చెవి కమ్మలు పోతాయి, తర్వాత గేదె. తర్వాత నూటికి మూడు రూపాయల వడ్డీ.

తమ్ముడు: మూడు రూపాయలు అంటే ఏడాదికి 36 శాతం. నా సర్వీసులో ఆ వడ్డీకి ఎవరికీ అప్పు రాయలేదు.

అక్క: వాళ్ళకు రాసేవాళ్ళున్నారు. నాలుగో నెలకో అయిదో నెలకో తండ్రి వచ్చి, సిస్టరమ్మా, ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా, కొన్నాళ్ళు ఊరికి తీసుకుపోతాం అంటాడు. మళ్ళీ రారు. చాలామంది పిల్లల్లో మొదటి నెల చివరికే రక్తంలో క్యాన్సర్ కణాలు కనబడకుండా పోతాయి. పిల్లవాడు ఆడుకుంటాడు, అన్నం తింటాడు. నయమైందనే అనుకుంటారు. లోపల దాగిన కణాలు ఎక్కడికీ పోలేదు. ఏడాదికి తిరిగి వస్తారు, అప్పటికి జబ్బు ముదిరి ఉంటుంది.

(ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బతుకుతున్నారు. పేద, మధ్య ఆదాయ దేశాలు చాలావాటిలో 30 మంది కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2030 కల్లా దీన్ని ప్రపంచమంతటా కనీసం 60కి చేర్చాలని ఆ సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. వాడే మందులు చాలామటుకు పాతవే, ఇక్కడ దొరికేవే. అయినా ఇంత తేడా ఉండడానికి కారణాలు చాలా ఉన్నాయి. జబ్బు ఆలస్యంగా కనుక్కోవడం, ఇన్ఫెక్షన్లు, చికిత్స మధ్యలో ఆగిపోవడం అందులో పెద్దవి. మూడోదానికి కొత్త మందు కనిపెట్టనక్కర్లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.)

తమ్ముడు: నువ్వే చెప్పావు, నయమైందనుకుని వెళ్ళిపోతారని. అంటే అది తెలియకపోవడం. చెప్పే మనిషి ఉంటే సరిపోతుంది. దానికి గది ఎందుకు? కూలి డబ్బులెందుకు?

అక్క: చెప్పే మనిషి కావాలి, ఒప్పుకుంటాను. లంబాడీ మాట్లాడే తల్లికి మేము తెలుగులో గబగబా చెప్పేసి, అర్థమైందా అంటే తలూపుతుంది. ఆమెకు ఆమె భాషలో, ఒకటికి నాలుగుసార్లు చెప్పాలి. కానీ అంతా తెలిసిన తండ్రి కూడా ఆగిపోయాడు. వాడికి మాత్ర పేరు తెలుసు, డోసు తెలుసు. పత్తి తీసే నెలలో పనికి పోకపోతే అప్పువాడు ఇంటిమీదికి వస్తాడనీ తెలుసు.

తమ్ముడు: డబ్బు చేతికిస్తే దారి తప్పదని పూచీ ఏమిటి? నేను ఊళ్ళ బ్రాంచీల్లో పనిచేశాను అక్కా. పాప చదువుకని తీసుకున్న అప్పు బెల్టు షాపులో తేలడం కళ్ళారా చూశాను. ఇంకో చోట ఒక ట్రస్టు రోగుల బంధువులకని సత్రం కట్టించి, ప్రారంభోత్సవం చేసి, నడిపే మనిషిని పెట్టక తాళం వేసింది. మన డబ్బు అలా పోతే పంపినవాళ్ళ ముఖం నేను చూడగలనా?

అక్క: తాగేవాళ్ళున్నారు. లేరంటే అబద్ధం. డబ్బు తల్లి ఖాతాలో వెయ్యి. కట్టడాలేం వద్దు, అద్దె గదులు తీసుకో. నడిపేవాళ్ళు ఉన్నచోట మనం చెయ్యి కలుపుదాం. ముంబైలో 2006లో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా వాళ్ళు క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచితంగా బస ఇస్తారు. హైదరాబాద్‌లోనూ వాళ్ళ కేంద్రం ఉంది. కుటుంబానికొక చోటు, వంటకు ఎవరి స్టవ్ వాళ్ళది, సరుకులు వాళ్ళే ఇస్తారు. ఆసుపత్రిలో పిల్లల తిండి చూడ్డానికి కడుల్స్ ఫౌండేషన్ పోషకాహార నిపుణుల్ని పెడుతుంది. ముంబై టాటా మెమోరియల్ సంగతి తీసుకో. పిల్లల విభాగంలో ఒకప్పుడు దాదాపు అయిదో వంతు మంది మధ్యలో వదిలి వెళ్ళేవాళ్ళు. ఇంపాక్ట్ అని ఒక విభాగం పెట్టి డబ్బు సాయం, బస, తిండి, రక్తం, సలహా అన్నీ ఒకచోట అందేలా చూశారు. రానివాళ్ళకు వెంటపడి ఫోన్లు చేశారు. ఆ సంఖ్య నూటికి అయిదు లోపుకు దిగింది. అక్కడికి వచ్చేవాళ్ళు బిహార్ నుంచీ ఉత్తరప్రదేశ్ నుంచీ వచ్చే పేదవాళ్ళే, అమెరికా వాళ్ళు కాదు.

తమ్ముడు: అన్నీ కలిపి చేశారంటున్నావు. అందులో గది వల్ల ఎంత, ఫోన్ వల్ల ఎంత, తిండి వల్ల ఎంత అని ఎవరు చెప్పగలరు? నాకు కావాల్సింది ఆ లెక్క.

అక్క: విడదీసి చెప్పలేను. కుటుంబం కూడా వాటిని విడదీసి బతకదు కదా.

(తమ్ముడు అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు దానికి జవాబు వెతకాలి. అక్క ఆ ప్రశ్నను దాటవేసిందనే నాకనిపించింది. ఆ తర్వాత ఆమె మాట భీమవరం మీదికి మళ్ళింది.)

అక్క: వెన్నులో ఎక్కించే మెథోట్రెక్సేట్ గురించి చెప్పాను కదా. దాని వెనక ఉన్నది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నాడు. అమెరికా వెళ్ళి లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశాడు. ఆ ఆమ్లాన్ని అడ్డుకునే మందుల్ని ఆయన బృందమే తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు వాటిలో ఒకదాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొన్నాళ్ళపాటు జబ్బు తగ్గింది. మందుతో ఈ జబ్బు అలా తగ్గడం అదే మొదలు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు. ఇదంతా నీకు తెలిసే ఉంటుంది, మన బళ్ళో మాస్టారు చెప్పేవారు. కానీ అదే ఫార్బర్ ఇంకో మాటకు కూడా జీవితమంతా కట్టుబడ్డాడు. పిల్లవాడికి మందు ఇవ్వడంతో ఆసుపత్రి పని అయిపోదు, ఆ కుటుంబం డబ్బు ఇబ్బంది, మనసు ఇబ్బంది కూడా అదే కప్పు కింద చూడాలని ఆయన పద్ధతి. పిల్లల కీమోకు దారి తీసిన మనిషికే మందు ఒక్కటే చాలదని అనిపించింది. 1962లో మెంఫిస్‌లో తెరిచిన సెయింట్ జూడ్ ఆసుపత్రి ఇంకో అడుగు ముందుకు వేసింది. చికిత్సకే కాదు, దారి ఖర్చుకూ బసకూ తిండికీ కూడా కుటుంబానికి బిల్లు ఉండదు.

తమ్ముడు: వాళ్ళకు వచ్చే చందాలు మనకు వస్తాయా? పోల్చడానికి ఒక హద్దుండాలి. అసలు ఇది ప్రభుత్వం చేయాల్సిన పని. మనం మీదేసుకుంటే ప్రభుత్వం పక్కకు తప్పుకుంటుంది.

అక్క: ప్రభుత్వమే చేయాలి. చేయగలదు కూడా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి పిల్లల సంరక్షణ కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. పిల్లవాడికి జబ్బు చేస్తే తల్లి పక్కన ఉండాలని, ఆ రోజులకు ఆమె చేతికి డబ్బు రావాలని ఒప్పుకున్నట్టే కదా. మిరపకాయలు కోసే తల్లికి ఆ న్యాయం ఎందుకు లేదు? ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పెట్టి, ఆపరేషన్ అయి కోలుకుంటున్నవాళ్ళకు రోజుకు 225 రూపాయల చొప్పున నెలకు 5,000 దాకా ఇచ్చారు. పోయిన కూలికి బదులు ఇవ్వడం కుదిరే పనేనని అది చూపించింది. పిల్లవాడి మంచం పక్క కూర్చున్న తల్లికీ అలాగే ఇవ్వమని అడుగుదాం. అడగాలంటే మన చేతిలో లెక్క ఉండాలి. ఎంతమంది పిల్లలు మొదలుపెట్టారు, ఎంతమంది చివరిదాకా వచ్చారు, గదీ డబ్బూ ఇచ్చాక ఎంతమంది వచ్చారు. ఇందాక నువ్వు అడిగిన లెక్క కూడా అదే. దాన్ని నీకంటే బాగా ఎవరు రాస్తారు?

తమ్ముడు: రాస్తాను. అయినా ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇంతసేపూ నువ్వు చెప్పిందంతా ఒకే మాట మీద నిలబడింది. గది ఇస్తే పిల్లవాడు బతుకుతాడు, కాబట్టి గది మందే. సరే. బతకని పిల్లవాడి సంగతేమిటి? జబ్బు రెండోసారి తిరగబెట్టింది, ఇక చేయగలిగింది లేదని డాక్టర్లు చెప్పేశారు. ఆ తల్లికి గది ఇస్తావా? నీ లెక్క ప్రకారం ఇవ్వకూడదు. ఆ గదిలో ఇంకొకణ్ణి బతికించవచ్చు.

(ఈ చర్చ మొత్తంలో గట్టి ప్రశ్న ఇదే. సాయాన్ని ఫలితంతో కొలవడం మొదలుపెడితే ఆ కొలత ఎక్కడో ఒకచోట ఇలాంటి తల్లి ముందుకు వచ్చి ఆగుతుంది.)

అక్క: ఇస్తాను. అవసరమైతే ఆమెకే ముందు ఇస్తాను. బతుకుతాడు కాబట్టి ఇవ్వమన్నది నీలాంటివాళ్ళు వినే కారణం. అది నిజం కూడా. కానీ అదొక్కటే కారణమైతే నేను ఇన్నేళ్ళు ఆ వార్డులో ఉండగలిగేదాన్ని కాదు. పిల్లవాడి పక్కన కూర్చున్నందుకు ఒక కుటుంబం చితికిపోకూడదు, అది రెండో కారణం. ఇది ఫలితంతో మారదు. చివరి నెలల్లో ఆ పిల్లవాడికి నొప్పి తగ్గాలి. హైదరాబాద్‌లో డాక్టర్ గాయత్రి పాలట్ లాంటివాళ్ళు పిల్లల పాలియేటివ్ కేర్‌ను కష్టపడి నిలబెట్టారు. 2014లో చట్టం మార్చాక మార్ఫిన్ దొరకడమూ కొంత తేలికైంది. కానీ ఆ సిరప్ ఎన్ని గంటలకొకసారి, ఎంత పొయ్యాలో చూసుకునే తల్లికి ఒక కప్పు కావాలి కదా. లేకపోతే పిల్లవాణ్ణి ఊరికి చేర్చే బండి కావాలి. పోయాక చేర్చే బండి కూడా కావాలి. ఆ బండి కిరాయి కోసం ఆసుపత్రి గేటు దగ్గర తోటి తల్లులు కొంగుముడి విప్పి పదీ ఇరవై పోగేయడం చూశాను. చదువుకున్నవాళ్ళం, డబ్బున్నవాళ్ళం, ఆ పని వాళ్ళకు వదిలేశాం.

తమ్ముడు: ఆ బండి సంగతి నువ్వు ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

అక్క: ఇంటికి తెచ్చి చెప్పే మాటలు కావవి. ఇంకొకళ్ళున్నారు, వాళ్ళ గురించి ఎవరూ అడగరు. ఇంటి దగ్గర వదిలేసి వచ్చిన పిల్లలు. తమ్ముడికి జబ్బు చేసి అమ్మ హైదరాబాద్ వెళ్ళిపోతే, పదేళ్ళ పిల్ల నాయనమ్మ దగ్గర ఉండి వంట నేర్చుకుంటుంది. బడి మానేస్తుంది. అమ్మకు నేనంటే ఇష్టం లేదనుకుంటుంది. మూలకణాల మార్పిడి చేయాల్సి వస్తే మాత్రం ముందు ఆ పిల్లనే పిలిపించి రక్తం సరిపోతుందేమో చూస్తాం. ఒక్కొక్కరితో సరిపోయే అవకాశం నూటికి ఇరవై అయిదు. సరిపోకపోతే బస్సెక్కించి పంపిస్తాం. ఆ పిల్లకు ఒకరోజు అమ్మ పక్కన పడుకోవడానికి చోటు ఇచ్చామా?

తమ్ముడు: ఇలా చెప్పుకుంటూ పోతే అంతు ఉండదు. మన ఊళ్ళోనే తలసేమియా పిల్లవాడు ఉన్నాడు, నెలకోసారి రక్తం ఎక్కించుకుంటాడు, జన్మంతా ఎక్కించుకోవాలి. డయాలిసిస్‌కు వెళ్ళే పిల్ల ఉంది. వాళ్ళ అమ్మలు కూడా కూలి మానుకునే వెళ్తున్నారు. క్యాన్సర్ అంటే జనం కళ్ళనీళ్ళు పెట్టుకుని చందా ఇస్తారు, తలసేమియాకు ఇవ్వరు. మన ట్రస్టు కూడా కన్నీళ్ళ వెంటే పోవాలా?

అక్క: వాళ్ళకూ ఇవ్వాలి. ఇందులో నీతో నాకు తగవు లేదు. క్యాన్సర్‌తో మొదలుపెట్టమనడానికి నా కారణం ఒకటే. రెండు, మూడేళ్ళలో చికిత్స ముగుస్తుంది. కాబట్టి మనలాంటి చిన్న ట్రస్టు కూడా మొదలుపెట్టి చివరిదాకా నిలబడగలదు. చేయడం వచ్చాక తలసేమియాకు వెళ్దాం. జన్మంతా సాగేదాన్ని మధ్యలో వదిలేస్తే, ఆ తల్లికి మనం చేసే అన్యాయం ఇంకా పెద్దది.

తమ్ముడు: సరే. తీర్మానం ఇలా రాస్తాను. సగం మందులకు, ప్యాకేజీలో రానివాటికి మాత్రమే. సగం కుటుంబాలకు. గది, సరుకులు, తల్లి ఖాతాలో నెలకు కొంత. కానీ ఒక షరతు. చెప్పిన తేదీకి రాకపోతే ఆ నెల డబ్బు ఆగుతుంది. అప్పుడే క్రమశిక్షణ ఉంటుంది.

అక్క: ఆ షరతు వద్దు. తేదీకి రాలేదంటే అప్పుడే వాళ్ళకు డబ్బు ఎక్కువ అవసరం పడిందన్నమాట. ఏరు పొంగి దారి లేకనో, ఇంట్లో ఎవరో పోయో, అప్పువాడు పట్టుకునో ఆగుతారు. నువ్వు డబ్బు ఆపితే ఇక మొహం చెల్లక రారు. రోజూ వేసే మాత్రల మీద అమెరికాలో అధ్యయనం చేశారు. నూటికి 95 కంటే తక్కువ రోజులు మింగిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు రెండింతలకు పైనే. అంటే నెలకు రెండు రోజులు తప్పినా లెక్కలోకి వస్తుంది. శిక్ష వేసి కూర్చునే తీరిక మనకు లేదు.

తమ్ముడు: మరి ఏం చేయమంటావు? అడగకుండా ఇస్తూ పోతే సభ్యులు ఒప్పుకోరు.

అక్క: అడుగు. రాని రోజే అడుగు. వరుసగా నాలుగు వారాలు రాకపోతే చికిత్స మానేసినట్టు లెక్కేయాలని ప్రపంచమంతా ఒక పద్ధతి పెట్టుకుంది. అది రికార్డుకు పనికొస్తుంది, పిల్లవాడికి పనికిరాదు. పొద్దున పది గంటలకు రావాల్సిన పిల్లవాడు మధ్యాహ్నానికి రాకపోతే, సాయంత్రంలోపు ఒక మనిషి ఫోన్ చేయాలి. ఏమ్మా, జ్వరమేమైనా వచ్చిందా, ఛార్జీలకు ఉన్నాయా అని అడగాలి. తెలుగుతోపాటు లంబాడీయో గోండో వచ్చినవాళ్ళయితే మంచిది. ఈ జబ్బు దాటిన పిల్లవాడి తల్లి అయితే ఇంకా మంచిది. తండ్రి ఎత్తకపోతే ఊళ్ళో ఆశా కార్యకర్తకు చేయాలి. ఆమెకు ఇల్లు తెలుసు.

తమ్ముడు: గదుల కోసమే కదా ఇంతసేపూ వాదించావు!

అక్క: గదులు కావాలి. కానీ గదులకు ఒప్పందాలనీ అడ్వాన్సులనీ మూడు నెలలు పడుతుంది. ఫోన్ చేసే మనిషిని వచ్చే సోమవారమే పెట్టవచ్చు. ఆమె జీతం నీ మందుల సగంలోంచి ఇస్తావా, నా సగంలోంచి ఇస్తావా?

తమ్ముడు: మందుల సగంలోంచే రాస్తాను. ఛార్జీలకు లేవని ఎవరైనా అంటే ఆమె అప్పటికప్పుడు పంపడానికి చేతిలో ఎంత ఉంచాలో నువ్వు చెప్పు.